ఆడగొంతు

"నువ్వు చెయ్యి ఫోను. ఆడగొంతైతే తొందరగా వస్తారు," అన్నాడు భర్త.

కాటుక అప్పుడు ఆరిన దుప్పట్లు మడతపెడుతోంది. రెండు కొసలు గడ్డం కింద నొక్కిపట్టి, మిగతా రెండూ చేతులతో దగ్గరికి తెస్తోంది. దుప్పటి మడతపెట్టడం నిజానికి ఇద్దరి పని. ఇంట్లో ముగ్గురున్నా ఆ రెండో మనిషి ఆమెకి ఏనాడూ దొరకలేదు. భర్త సాయంత్రం నడకకని తలుపు తీసి, తీసినంత వేగంగానూ మూసి, గొళ్ళెం పెట్టి వచ్చాడు.

"ఎవరికండీ ఫోను?"

"పోలీసులకి. మెట్ల మీద ఎవడో కూచున్నాడు. కాలవ అవతలివాడు. పక్కన ఇంత సంచీ."

కాలవ అవతలివాడంటే ఆ ఊళ్ళో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ పేటవాళ్ళ తాతలు ఎప్పుడో కూలిపనులకి వచ్చి అక్కడే ఉండిపోయారు. వాళ్ళ రంగు వేరు, జుట్టు వేరు. ఊళ్ళో ఎవరింట్లో చెంచా పోయినా పోలీసులు ముందు వంతెన దాటి అక్కడికే వెళ్ళేవారు. కాటుక అత్తింటివాళ్ళూ బయటినుంచి వచ్చినవాళ్ళే. కాకపోతే వీళ్ళ రంగుకి ఊరు కాస్త అలవాటు పడింది. ఆ అలవాటు చెడకుండా చూసుకోవడమే భర్త జన్మంతా చేసిన ఉద్యోగం.

కాటుక అన్నది ఆమె పేరు కాదు, పెళ్ళైన కొత్తలో అత్తగారు పెట్టిన ముద్దుపేరు. "చామనఛాయ అన్నారు. దీపం వెలుగులో చూసి సరే అనుకున్నాం. తెల్లారి చూస్తే కాటుక డబ్బీలోంచి లేచొచ్చినట్టుంది," అని ఆవిడ నలుగురిలో అంది. అందరూ నవ్వారు. "ఊరికే అన్నానులే, మా కాటుక బంగారం," అని బుగ్గ కూడా గిల్లింది. ఆ పేరు అలా ఉండిపోయింది. భర్త ముద్దొచ్చినా అదే పేరుతో పిలుస్తాడు, కోపమొచ్చినా అదే పేరు. ఫొటోలు తీసేటప్పుడు "నువ్వు కాస్త అటు చివరికి జరుగు, వెలుతురు చాలట్లేదు" అంటే ఆమె అటు చివరికి జరుగుతుంది. మొదట్లో ఆ మాట గుచ్చుకునేది. తరవాత తరవాత తనే ముందుగా నవ్వెయ్యడం నేర్చుకుంది. ముందు నవ్వితే దెబ్బ సగమే తగులుతుంది.

ఆమె ఉద్యోగం కూడా గొంతుతోనే. నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదులు వినే ఫోను దగ్గర కూర్చుంటుంది. నల్లా రాలేదని ఒకరు, బురద వస్తోందని ఒకరు, బిల్లు ఎక్కువేశారని ఒకరు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా "క్షమించండి, క్షమించండి" అంటూ ఉంటే నాలుక మీద ఆ మాట అరిగిన నాణెంలా నున్నగా అయిపోయింది. "నీ పైన మగవాళ్ళెవరైనా ఉంటే ఫోనివ్వమ్మా," అంటారు కొందరు. అదే సంగతి పక్క కుర్చీలో అబ్బాయి చెబితే వింటారు. కొత్తగా చేరినవాళ్ళకి నేర్పడానికి మాత్రం ఆమె మాట్లాడిన ఫోన్లే వినిపిస్తారు. ఎవరెంత తిట్టినా చెదరని గొంతు అని ఆఫీసులో పేరు. జీతం మాత్రం చెదరకుండా అక్కడే ఉంది.

"నీకు ఫోన్లో మాట్లాడటం అలవాటేగా," అంటూ భర్త నంబరు తనే నొక్కి ఇచ్చాడు.

అవతల ఎత్తగానే ఆమె గొంతు దానంతటదే ఆఫీసు గొంతైపోయింది. చిరునామా చెప్పింది. ఒక్కదాన్నే ఉన్నానని చెప్పమని భర్త పెదవులు కదిపాడు. అత్తగారు సోఫాలో కూచుని చూస్తూండగా "ఒక్కదాన్నే ఉన్నానండీ," అంది. భర్త పిడికిలి బిగించి గాలిలో తలుపు బాదినట్టు చూపించాడు. "తలుపు బాదుతున్నాడండీ," అంది. అక్కడిదాకా భర్త అందించిన మాటలే. ఆ తరవాతిది ఎవరూ అందించలేదు. "తొందరగా రండి, నాకు చాలా భయంగా ఉంది," అంది కాటుక, ఎక్కడ వణకాలో సరిగ్గా అక్కడ గొంతు వణికించి.

ఫోను పెట్టేయగానే భర్త ఆమెకేసి కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. "భలే చెప్పావే. నేనైతే అంత బాగా చెప్పలేను," అన్నాడు. అత్తగారు కూడా తలూపింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ ఇంట్లో ఆమె చేసిన పనిని ఇద్దరూ ఒకేసారి మెచ్చుకోవడం అదే మొదలు. కాటుక మళ్ళీ దుప్పటి అందుకుంది. లోపల ఏదో వెచ్చగా పొంగింది. ఆ పొంగడాన్ని తరవాత ఆమె ఎన్నిసార్లు తలుచుకుందో, తలుచుకున్నప్పుడల్లా ఎలా ముడుచుకుపోయిందో చెప్పలేం. తలుపుకి చిన్న అద్దం కన్నం ఉంది. ఫోను చెయ్యక ముందైనా, చేశాకైనా ఒక్కసారి దాంట్లోంచి చూద్దామని మాత్రం ఆమెకి తోచలేదు.

జీపు వచ్చిన చప్పుడైంది. మెట్ల మీద బూట్లు టకటకమన్నాయి, ఎవరినో కిందికి ఈడ్చుకుపోతున్నట్టు గోల వినిపించింది. ముగ్గురూ వంటగది కిటికీ దగ్గరికి వెళ్ళారు. కింద వీధి దీపం పక్కన ఇద్దరు పోలీసులు, మధ్యలో ఆ మనిషి. "పై అంతస్తువాళ్ళు రమ్మన్నారు సార్. మెషీను పాడైందట. వాళ్ళింకా రాలేదు, అందుకే కూచున్నా," అంటున్నాడు. చూపిద్దామని సంచీలో చెయ్యి పెట్టి చుట్టచుట్టిన రబ్బరు గొట్టం బయటికి తీశాడు. వాషింగ్ మెషీన్లోంచి నీళ్ళు బయటికి పోయే గొట్టం. "ఏదో తీశాడు," అని ఒక పోలీసు అరిచాడు. ఆ తరవాత మాటల్లేవు. కింద పడేశారు, లాఠీలతో కొట్టారు, బూట్లతో తన్నారు. కుడిచెయ్యి వెనక్కి తిప్పి విరిచారు. ఎముక విరిగిన చప్పుడు మూడో అంతస్తుకి వినపడదు. అతని అరుపు వినపడింది.

మొహం వెలుతురులోకి తిరిగినప్పుడు కాటుక పోల్చుకుంది. పోయినేడు తమ ఇంటికి వచ్చి మెషీను బాగుచేసిన మెకానిక్ అతనే. పని చేస్తున్నంతసేపూ అత్తగారు వెనకే నిలబడి కాపలా కాసింది. నీళ్ళు అడిగితే, అత్తగారి కళ్ళల్లోకి చూసి కాటుక స్టీలు గ్లాసు పక్కన పెట్టి కాగితం కప్పులో ఇచ్చింది. అతను కప్పుకేసి ఒకసారి, ఆమెకేసి ఒకసారి చూసి తాగాడు. "దుప్పట్లు ఒకేసారి అన్నీ వెయ్యకండి, రెండేసి వెయ్యండి, మీ నడుముకీ మంచిది," అని చెప్పి వెళ్ళాడు. మెషీను గురించి అడుగుతారు గానీ, ఆమె నడుం మాట ఆ ఇంట్లో ఎత్తిన మనిషి అతనొక్కడే.

"అతనండీ, మన మెషీను..." అంది.

భర్త దీపం ఆర్పేశాడు. "కిటికీ దగ్గర్నుంచి ఇవతలికి రా."

"చచ్చిపోడు కదా?" అంది అత్తగారు. మళ్ళీ తనే, "మనమేం కొట్టమన్నామా?" అంది.

అతను చచ్చిపోలేదు. చెయ్యి రెండుచోట్ల విరిగింది, దవడ పగిలింది. ఆస్పత్రి మంచానికి కాపలా పెట్టారు. పోలీసుల మీదికి ఆయుధంతో వచ్చాడని కేసు. ఇంట్లో ఒంటరిగా ఉన్న ఒక స్త్రీని బెదిరిస్తూ తలుపు బాదాడని, ఆమే భయపడి ఫోను చేసిందని, పోలీసుల మాటంతా ఆ ఫోను మీదే నిలబడి ఉంది. ఆ స్త్రీ ఎవరో వాళ్ళు బయటపెట్టలేదు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. తన నోట్లోంచి వచ్చిన మూడు ముక్కలు ఊరంతా తిరుగుతున్నాయి. పేపర్లో వచ్చాయి, ఆఫీసు క్యాంటీన్లో వినపడ్డాయి. "పాపం ఆవిడ, ఎంత బెదిరిపోయిందో," అని పక్క కుర్చీ అబ్బాయి జాలిపడ్డాడు. కాటుక అన్నం డబ్బా మూత పెట్టేసింది.

మెకానిక్‌కి ఒక అక్క ఉంది. సిటీ బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి, ఖాకీ చొక్కాతోనే ఆ భవనంలో ఒక్కొక్క తలుపూ తట్టింది. కాటుక తలుపు సగం తీసింది. తలుపు వెనక భర్త పిడి పట్టుకుని ఉన్నాడు.

"మా తమ్ముణ్ణి కొట్టినప్పుడు మీరేమైనా చూశారాండీ? ఎవరైనా ఒక్కరు చెబితే చాలు."

"మేమేం చూడలేదండీ," అంది కాటుక.

ఆవిడ "సరే," అని పక్క తలుపుకి వెళ్ళింది. నాలుగు రోజుల తరవాత మళ్ళీ వచ్చింది. అదే ప్రశ్న అడిగింది, అదే జవాబు విని వెళ్ళిపోయింది. ఆ రెండోసారి మాత్రం ఆవిడ కళ్ళు తన మొహం మీద మరికాస్సేపు నిలబడ్డట్టు అనిపించింది.

ఈలోగా స్టేషను ముందు జనం చేరడం మొదలైంది. మొదట కాలవ అవతలివాళ్ళే వచ్చారు. తరవాత కింద వాటాలో ఉండే రిటైరైన లెక్కల టీచరమ్మ వెళ్ళింది. ఆ రాత్రి వీధిలో చెల్లాచెదురైన అతని పానాలూ మరలూ ఏరి దాచింది ఆవిడే. తరవాత, మెకానిక్‌ని రమ్మని చెప్పి ఆలస్యంగా వచ్చిన పై అంతస్తు దంపతులు తలలొంచుకుని వెళ్ళారు. తరవాత దర్జీలు, ఆస్పత్రి ఆయాలు, బస్సులవాళ్ళు. సాయంత్రమయ్యేసరికి చెయ్యీ చెయ్యీ పట్టుకుని వీధి పొడుగునా నిలబడేవారు. నినాదాలు తక్కువ. ఊరికే నిలబడేవారు.

"మనం అందులో వేలుపెట్టొద్దు," అనేవాడు భర్త. "మనల్ని ఇంకా వాళ్ళలో కలపలేదు. మనంతట మనం వెళ్ళి కలవడం ఎందుకు?" పైకి అలా అంటున్నా తేలు కుట్టిన దొంగలా ఉండేవాడు. ఫోను మోగితే ఉలిక్కిపడేవాడు.

ఒకరోజు ఇన్‌స్పెక్టరు ఇంటికి వచ్చాడు. భర్త కుర్చీ తుడిచి వేశాడు. కాటుక టీ పెట్టి తెచ్చి, ట్రే పట్టుకుని నిలబడింది. ఆయన ప్రశ్నలు ఆమెనే అడిగాడు. జవాబులన్నీ భర్త చెప్పాడు. ఆమె ఎక్కడ నిలబడింది, ఎంత భయపడింది, ఎన్నిసార్లు తలుపు బాదిన చప్పుడైంది, అన్నీ. తన భయం గురించి అంత వివరంగా ఆమె అప్పుడే విన్నది.

"గురువారం మేజిస్ట్రేటు ముందు ఇదే చెప్పండి చాలు," అన్నాడు ఇన్‌స్పెక్టరు లేస్తూ. "మీలాంటి మర్యాదస్తుల కోసమే కదమ్మా మేం ఉన్నది. టీ బాగుంది."

ఆ సాయంత్రం టీవీలో స్టేషను ముందు జనాన్ని చూపించారు. అత్తగారు కళ్ళజోడు సవరించుకుని, "ఎవరు ఎవరో తెలీట్లేదు, అంతా ఒకే మసి," అంది. కాటుకకేసి తిరిగి, "నువ్వు అటువైపు పోకే. నిన్నూ వాళ్ళలో ఒకదాన్ననుకుని జీపెక్కిస్తారు," అంది.

భర్త పకపకా నవ్వాడు. కాటుక మొహం కూడా అలవాటు ప్రకారం నవ్వింది. నవ్వాక ఆ నవ్వు తుడుచుకోవడానికి చోటు దొరకలేదు. వంటగదిలోకి వెళ్ళి కొళాయి తిప్పి నిలబడింది. వాళ్ళు తనని ఏ చూపుతో చూశారో, తను మెకానిక్‌ని అదే చూపుతో చూసింది. కాదు, అసలు చూడనే లేదు. కన్నంలోంచి చూసి ఉంటే మనిషి కనపడేవాడు. చూడకుండా ఉండటం తనకి ఎవరూ నేర్పలేదనడానికి లేదు, చక్కగా నేర్పారు. కానీ ఆ చివరి వణుకు ఎవరు నేర్పారు? మెచ్చుకుంటే పొంగిపోయింది ఎవరి మనసు? మొగుడి మీదా అత్తగారి మీదా ఎంత తోసేసినా ఆ ఒక్క ముక్కా మిగిలిపోతోంది. అది తనదే.

బుధవారం ఆఫీసయ్యాక ఆమె ఇంటి బస్సు ఎక్కలేదు. కాలవ వంతెన మీదుగా వెళ్ళే బస్సుల కోసం నిలబడి, డ్రైవరు సీట్లో ఆవిడ ఉన్న బస్సు వచ్చేదాకా రెండు వదిలేసింది. ఎక్కి వెనక సీట్లో కూర్చుంది. జనం దిగుతున్నారు, ఎక్కుతున్నారు, దిగిపోతున్నారు. ఆఖరి స్టాపులో ఇంజను ఆగింది. డ్రైవరక్క ఎవరైనా ఏమైనా మరిచిపోయారేమోనని సీట్లు చూసుకుంటూ వెనక్కి వచ్చింది. కాటుకని చూసి ఆగింది.

"ఆఖరి స్టాపండీ. దిగాలి."

"క్షమించండి," అంది కాటుక.

ఆ మాట బయటికి వచ్చాక దాన్ని తనే వింది. ఆఫీసు క్షమించండి. నీళ్ళు రాలేదన్నవాళ్ళకీ బురద వచ్చిందన్నవాళ్ళకీ ఇచ్చే క్షమించండి. అదే స్వరం, అదే మెత్తదనం. ఎంత వెతికినా ఆమె దగ్గర ఇంకోటి లేదు.  ఆ మాట వదిలేసి మొదలుపెట్టింది.

"ఆ రోజు పోలీసులకి ఫోను చేసింది నేనే."

"తెలుసు," అంది డ్రైవరక్క.

కాటుక తలెత్తి చూసింది.

"మొదటిసారి మీ తలుపు తట్టినప్పుడు తెలీదు. ఆ మర్నాడు లాయరు ఆ ఫోను మాటలు, పోలీసులు చిరునామా తీసేసి ఇచ్చినవి, వినిపించాడు. నేను రోజంతా రోడ్డుకేసి చూస్తూ జనం గొంతులు వినేదాన్ని. మొహాలు మరిచిపోతాను, గొంతు మరిచిపోను." ఆవిడ ఎదుటి సీటు కడ్డీకి ఆనుకుంది. "రెండోసారి వచ్చింది సాక్షి కోసం కాదు. మీరే చెబుతారేమోనని. మళ్ళీ చూడలేదన్నారు."

"అన్నాను."

"గొంతు పోల్చుకున్నానని నేను చెబితే కోర్టులో ఎవరు నమ్ముతారు? అందులోనూ నా మాట. మీరు చెబితేనే అది మాట." ఆగి అడిగింది. "వాడు తలుపు బాదాడా?"

"లేదు."

"ఒక్కరే ఉన్నారా?"

"లేదు. ముగ్గురం ఉన్నాం."

"భయపడ్డారా?"

 "లేదు. భయపడ్డట్టు మాట్లాడాను."

డ్రైవరక్క కిటికీలోంచి బయటికి చూసింది. "ఆస్పత్రిలో వాడికీ వినిపించారు. దవడ కట్టేసి ఉంది కదా, మాట సరిగా రాదు. విని ఏమన్నాడో తెలుసా? 'పాపం, ఆవిడ నిజంగానే భయపడిందేమో అక్కా' అన్నాడు."

కాటుక రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఏడవలేదు. ఏడిస్తే ఆవిడే ఓదార్చాల్సి వస్తుందన్న జ్ఞానం మాత్రం ఎక్కడో ఉండి ఆపింది.

"రేపు ఏం చెబుతారు?"

"జరిగింది చెబుతాను."

"మీ ఆయన ఊరుకుంటాడా? తప్పుడు కబురిచ్చినందుకు మీ మీదే కేసు పెడతారు. ఆలోచించుకున్నారా?"

"ఆలోచించాను."

"నన్ను మాత్రం క్షమించమని అడగొద్దు. నాకది చేతకాదు."

"అడగను," అంది కాటుక.

డ్రైవరక్క తల ఊపింది. "తిరిగి అటే వెళ్తున్నా. కూచోండి," అని ముందుకు వెళ్ళి బండి తీసింది. 

గురువారం పొద్దున భర్త స్నానం చేసి వచ్చేసరికి మంచం మీద చొక్కా ముడతలతోనే ఉంది.

"ఇస్త్రీ చెయ్యలేదేం? కోర్టుకి టైమవుతోంది."

"మీరు రానక్కర్లేదండీ."

"నేను రాకపోతే ఎలా? అక్కడ నువ్వేం మాట్లాడతావు?"

"జరిగింది చెబుతాను. ఒక్కదాన్నే లేనని, అతను తలుపు ముట్టుకోలేదని. నంబరు నొక్కింది మీరని కూడా."

అతను తువ్వాలుతో అలాగే నిలబడిపోయాడు. అత్తగారు గది గుమ్మంలోకి వచ్చింది. "ఇంటి గుట్టు వీధిలో పెడతావా? నీకేం తక్కువ చేశామే?" అంది. భర్త గొంతు తగ్గించి, బతిమాలుతున్నట్టుగా, "నీ మీదికే వస్తుంది. వాళ్ళ కోసం జైలుకి పోతావా? వాళ్ళు మనకేమవుతారు?" అన్నాడు.

 ఏమవుతారో కాటుకకి ముందే తెలిసి ఉంటే ఇంతదాకా వచ్చేదే కాదు. చెప్పులు వేసుకుని మెట్లు దిగింది. అతను కూర్చున్న మెట్టు ఏదో తెలీదు కాబట్టి ప్రతి మెట్టూ చూసి అడుగేసింది.

కోర్టు వీధి మొదట్నుంచీ జనం వరసగా నిలబడి ఉన్నారు. చేతులు కలుపుకుని, గేటు దాకా. డ్రైవరక్క గేటు దగ్గర లాయరుతో ఉంది. కాటుకని దూరం నుంచే చూసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. వరస చివర లెక్కల టీచరమ్మ వయసున్న ఒకావిడ, కాలవ అవతలావిడ, ఆఖరి మనిషిగా నిలబడి ఉంది. కాటుక వెళ్ళి ఆవిడ పక్కన నిలబడింది. ఆవిడ మొహమైనా సరిగ్గా చూడకుండా చెయ్యి చాచి ఆమె చెయ్యి అందుకుంది. గరుకైన, వెచ్చటి చెయ్యి. గట్టిగా పట్టుకుంది.

"ఇక్కడ నీడ లేదు. తలమీద ఏదైనా వేసుకోమ్మా," అంది ఆవిడ. "మనం ఎంతమంది ఉంటే ఆ అక్కాతమ్ముళ్ళకి అంత మంచిదట. మా పక్కింటి పిల్లాడే వాడు. ఎవరి మీదా చెయ్యెత్తి ఎరగడు."

"అవునండీ," అంది కాటుక.

"ఆ ఫోను చేసిన మహాతల్లి ఇవాళ వస్తుందట. ఎలాంటిదో ఒకసారి చూడాలని వచ్చాను. వాడి అక్కకి ఎవరో తెలుసటగానీ చెప్పట్లేదు."

ఊరుకోవచ్చు. ఇంకో అరగంట ఆ చేతి వెచ్చదనంలో నిలబడి, లోపలికి వెళ్ళి, చెప్పాల్సింది చెప్పి వెనక గేటులోంచి వెళ్ళిపోవచ్చు. ఆమె గొంతు చాలా కిందికి దిగిపోయింది. ఆఫీసు గొంతు కాదు, ఇంట్లో గొంతూ కాదు. బొంగురుగా, ఎవరిదో అన్నట్టు వచ్చింది.

"నేనేనండీ అది."

ఆవిడ తిరిగి చూసింది. మొదటిసారి నిండుగా, మొహంలో మొహం పెట్టి చూసింది.  చేతి పట్టు వదులైంది. వేళ్ళు ఒక్కొక్కటే జారిపోయాయి. ఆవిడ తన చెయ్యి కడుపుకి ఆనించుకుని గేటుకేసి తిరిగి నిలబడింది. ఇద్దరి మధ్యా జానెడు ఎండ పడింది.

కాటుక అక్కణ్ణుంచి కదల్లేదు. ఆవిడ వైపు చాచిన చెయ్యి కూడా దించలేదు.